రెండో కాగితం

నోటుపుస్తకాల కంపెనీలో కొన్నేళ్ళు పనిచేస్తే బొటనవేలికి ఒక విద్య పట్టుబడుతుంది. పుస్తకం అంచు కాస్త వంచి వదిలితే చాలు, అందులో తొంభై ఆరు పేజీలూ ఉన్నాయో, మధ్యకి మడిచి కుట్టిన కాగితం ఒకటి జారిపోయి తొంభై రెండే మిగిలాయో వేలే చెప్పేస్తుంది. చెకింగు బల్ల దగ్గర పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్న పెద్దక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్కవాళ్ళతో మాట్లాడుతూ, టీ తాగుతూ కూడా చెడ్డ పుస్తకాన్ని పక్కకి తీసేసేది. ఆమె తీసినదాన్ని ఎవరూ మళ్ళీ లెక్కపెట్టి చూసేవారు కాదు.

ఆ కంపెనీలో బోనస్ సంగతి కవర్లలో పెట్టి చెబుతారు. సంవత్సరం లెక్కలు తేలాక ఒక శనివారం సాయంత్రం, బస్సులు బయలుదేరే ముందు, గేటు పక్క షెడ్డులో బల్ల వేసి టోకెన్ నంబరు పిలిచి కవరు చేతికిస్తారు. బోనస్ పూర్తిగా వచ్చినవాళ్ళకి లోపల ఒకటే కాగితం ఉంటుంది. కోత పడినవాళ్ళకి, కోత ఎందుకు పడిందో చెప్పే రెండో కాగితం కూడా ఉంటుంది. ఎవరి సంగతి వాళ్ళకే తెలియాలని కవర్లు అంటించి మరీ ఇస్తారు. హెడ్డాఫీసులో కూర్చుని ఈ పద్ధతి పెట్టినాయనెవరోగానీ, కాగితం పట్టుకుని బతికేవాళ్ళ వేళ్ళ గురించి ఆయన ఆలోచించలేదు. కవరు చేతిలో పడీ పడకముందే అది లావుదో సన్నదో తీసుకున్నవాడికి తెలుస్తుంది. జేబులో పెట్టుకునేటప్పుడు పక్కవాడి మోచెయ్యి తగిలితే వాడికీ తెలుస్తుంది. బస్సు కదిలే వేళకి అందరికీ తెలిసిపోతుంది.

సన్న కవరు వచ్చినవాళ్ళు దానితో విసురుకుంటూ బస్సెక్కేవారు. లావు కవరు వచ్చినవాళ్ళు దాన్ని సంచి అడుక్కి, టిఫిన్ డబ్బా కిందికి తోసేవారు. మిగతావాళ్ళు వాళ్ళకి కిటికీ పక్క సీటు వదిలేసి, ఇంట్లో ఎవరికో బాగోలేనివాళ్ళతో మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడేవారు. ఆ రెండో కాగితంలో ఏముందో ఎవరూ చెప్పుకోరు. చాలామంది అసలు చదవరు. ఇంటికి వెళ్ళాక అది బీరువాలో బట్టల కిందికి పోతుంది.

పెద్దక్కకి పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా లావు కవరు రాలేదు. ఈసారి వస్తుందని ఆమెకి ముందే తెలుసు. నిరుడు తమ్ముడి భార్యకి కడుపులో ఆపరేషను జరిగింది. పది రోజులనుకున్నది కుట్లు చీము పట్టి రెండోసారి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. పెద్దక్క పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. మరదలి మంచం పక్కన కూర్చున్నది ఆమే, తడిబట్టతో ఒళ్ళు తుడిచిందీ ఆమే. అన్నీ కలిపి ఆ సంవత్సరం ముప్పై నాలుగు రోజులు సెలవయింది. ఇరవై దాటిన ప్రతి రోజుకీ బోనస్‌లో కోత ఉంటుంది. పద్నాలుగు రోజుల కోత. క్యాలెండరు మీద గుండ్రాలు చుట్టి ఆమె ఎప్పుడో లెక్క చూసుకుంది.

చిక్కు ఎక్కడంటే, ఆ కవర్లు సర్ది పంచేది తమ్ముడే. అతను ఆ కంపెనీలో పర్సనెల్ ఆఫీసరు.

శుక్రవారం సాయంత్రం అతను ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండానే వంటింటి గడపలో నిలబడ్డాడు. మరదలు పొయ్యి దగ్గర ఉంది. పెద్దక్క కింద కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

"రేపే కవర్లు," అన్నాడు.

"అయితే?" అంది పెద్దక్క తలెత్తకుండా.

"నీది ఇంటికి తెచ్చిస్తానక్కా. గేటు దగ్గరికి రాకు. తలనొప్పి అని గంట ముందు పర్మిషను పెట్టి వచ్చెయ్."

"సెలవులు ఎక్కువయ్యాయని కోత వేస్తూ, ఇంకో గంట పర్మిషను పెట్టమంటున్నావా? బాగుందిరా నీ తెలివి."

మరదలు నవ్వబోయి ఆగింది. ఆ ముప్పై నాలుగు రోజులూ ఎవరి కోసం పోయాయో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. "వదినా, అదంతా నా మూలానే కదా," అంది.

"నీ మూలాన ఏముంది? కుట్లు చీము పట్టమని నువ్వు చెప్పావా?" పెద్దక్క కత్తిపీట పక్కకి తోసి తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, అందరికీ ఎక్కడిస్తే నాకూ అక్కడే ఇవ్వు. లావు కవరు చేత్తో పట్టుకునే బస్సెక్కుతాను. దొంగతనం చేశానా, పనిలో తప్పు చేశానా? సంచి అడుక్కి తొయ్యాల్సిన అవసరం నాకేంటి?"

అంతమంది ముందు అక్క చేతిలో లావు కవరు పెట్టడం అతని వల్ల కావడం లేదని మొహంలోనే తెలుస్తోంది. మరదలు మాట మార్చడానికన్నట్టు, "ఇంతకీ ఆ రెండో కాగితంలో ఏం రాస్తారు?" అని అడిగింది.

అతని దగ్గర పేరు, అంకెలు నింపని నమూనా ఒకటి ఉంది. ఆమె చెయ్యి తుడుచుకుని తీసుకుని పైకి చదివింది. "'నిబంధనావళిలోని ఏడవ అంశము ననుసరించి తమరి అర్హతా దినముల గణన యందు ఏర్పడిన లోపమును దృష్టియందుంచుకొని...'" అక్కడ ఆగింది. "నేను డిగ్రీ చదివాను. నాకే ఊపిరాడడం లేదు. ఇది ఎవరికోసం రాశారండీ?"

"హెడ్డాఫీసు నుంచి అలాగే వస్తుంది. ఒక్క అక్షరం మార్చడానికి లేదు. అంకెలు కూడా వాళ్ళే వేసి పంపిస్తారు. మడిచి కవర్లో పెట్టడమే నా పని."

"మడిచేవాళ్ళు ఒకసారి చదవకూడదా?"

అతను బూట్లు విప్పడానికి బయటికి వెళ్ళాడు.

మర్నాడు సాయంత్రం అయిదింటికి మిషన్లు ఆగాయి. గేటు పక్క షెడ్డులో బల్ల, బల్ల మీద నాలుగు అట్టపెట్టెలు, వెనక కుర్చీలో పర్సనెల్ ఆఫీసరు. కంపెనీలో అడుగుపెట్టాక వాళ్ళిద్దరూ అక్కా తమ్ముళ్ళు కారు. అతను స్కూటరు మీద వస్తాడు, ఆమె బస్సులో వస్తుంది. ఆమె అతన్ని ఆఫీసరు గారూ అంటుంది. అది అతను ఉద్యోగంలో చేరిన రోజున ఇద్దరూ అనుకున్న పద్ధతి.

జుట్టు మీద కాగితపు దుమ్ము దులుపుకుంటూ జనం వరుసలో నిలబడ్డారు. పెద్దక్క ముందు పాకింగులో పనిచేసే ఆమె ఉంది. మిషన్ల చప్పుడులో కూడా గొంతు వినిపిస్తుందని ఆమెకి సైరన్ అని పేరు పెట్టారు. పెద్దక్క వెనక జిగురు బాబాయి ఉన్నాడు. అట్టలు అంటించే విభాగంలో అందరికంటే పాతకాపు. ఆయన చేతులు ఎంత కడిగినా గోళ్ళ చుట్టూ తెల్లగా జిగురు మిగిలే ఉంటుంది.

సైరన్ కవరు తీసుకుని ఒక నొక్కు నొక్కింది. "సన్నం," అంది, ఎవరూ అడక్కుండానే.

"నాలుగు వందల ఆరు," అని పిలిచాడు ఆఫీసరు.

పెద్దక్క చెయ్యి చాపింది. అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. కవరు ఆమె వేళ్ళ మధ్యకి వచ్చింది. బొటనవేలు తన పని తాను చేసింది.

ఒకటే కాగితం.

"పెద్దక్కా, నీదీ సన్నమేనా?" సైరన్ ఆ చేతిలోని కవరు అంచుని అప్పటికే తడిమేసింది. "నెల పైన సెలవు పెట్టినా కోత లేదు చూశారా. పంతొమ్మిదేళ్ళకి ఆమాత్రం మర్యాద ఉండాలి మరి."

వెనక ఎవరో అన్నారు, మరీ అంత చిన్న గొంతుతో ఏమీ కాదు. "తమ్ముడే ఆఫీసరైతే మర్యాదకి లోటేముంది."

కొందరు నవ్వారు. జిగురు బాబాయి నవ్వలేదు. అప్పటికే తన చేతికి వచ్చిన లావు కవరుని చొక్కా లోపలికి దోపుకుంటున్నాడు.

పెద్దక్క షెడ్డు స్తంభం పక్కకి వెళ్ళి కవరు చింపింది. గేటు దగ్గర కవరు చింపడం ఎవరూ చెయ్యని పని. చూస్తున్నవాళ్ళ మాటలు తగ్గాయి. కాగితంలో ఉన్నది ఒక సంతోషవాక్యం, కింద ఒక అంకె. ఆ అంకె తగ్గే ఉంది. ఆమె అనుకున్నదానికంటే ఇంకా తగ్గింది. అంటే కోత పడింది. కోత ఎందుకో చెప్పే కాగితం మాత్రం లేదు.

ఏం జరిగిందో ఆమెకి అర్థమయింది. కోపం వచ్చింది, దాని వెనకే జాలి కూడా వచ్చింది. రెంటినీ పక్కన పెట్టి, వెళ్ళి వరుస చివర నిలబడింది.

"మళ్ళీ ఎందుకమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"పనుంది."

ఇరవై మంది తర్వాత ఆమె వంతు వచ్చింది. బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఎవరూ ఎక్కడం లేదు.

"ఆఫీసరు గారూ, నా కవర్లో ఒక కాగితం తక్కువుంది."

అతను లేచి ముందుకి వంగాడు. "అక్కా, ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

"ఇక్కడ అక్కలెవరూ లేరు. నాలుగు వందల ఆరు. కాగితం తగ్గిన పుస్తకం నా బల్ల మీదికొస్తే కుట్టు మిషనుకి తిప్పి పంపిస్తాను. మీరు పంపిందీ తిప్పి తెచ్చాను. నా రెండో కాగితం ఇవ్వండి."

అతను అట్టపెట్టెలో చూస్తున్నట్టు నటించలేదు. అది మాత్రం మెచ్చుకోవాలి. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ చూశారు.

"ఓహో, సన్నం చేసింది తమ్ముడుగారా," అంది సైరన్.

"అవును," అంది పెద్దక్క. "నాకు చిన్నతనంగా ఉంటుందని తీసేశాడు. తప్పు చేశాడు. ఇప్పుడు చదువుతాను వినండి. అప్పుడు మర్యాద ఎంత ఉందో మీకే తెలుస్తుంది."

చదవడం మొదలుపెట్టింది. నిబంధనావళి దగ్గర ఒకసారి, గణన యందు దగ్గర ఒకసారి నాలుక మడతపడింది. "ఇది తిట్టా, దీవెనా?" అన్నాడు కటింగు మిషను మీద పనిచేసే అతను. నవ్వులు లేచాయి. పెద్దక్క నవ్వలేదు. కింద అంకె దగ్గర ఆగిపోయింది.

"గైర్హాజరు నలభై మూడు రోజులు అని ఉంది."

"సెలవులే కదా," అన్నాడు తమ్ముడు.

"నేను పెట్టినవి ముప్పై నాలుగు. క్యాలెండరులో గుండ్రాలు చుట్టి ఉన్నాయి. ఈ తొమ్మిది ఎక్కడివి?"

అతను కాగితం తీసుకుని చూశాడు. పొద్దున దాన్ని కవర్లోంచి తీసేటప్పుడు అంకె కంటపడింది గానీ కూడి చూడాలని తోచలేదు. హెడ్డాఫీసు అంకె అంటే అంకె.

"తొమ్మిది రోజులు," అని పెద్దక్క తనలో తాను అనుకుంది. తర్వాత జనం వైపు తిరిగింది. "రూళ్ళు కొట్టే మిషను రోలరు విరిగినప్పుడు మనల్ని ఎన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నారు?"

"తొమ్మిది," అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి.

"పని లేదు, రావద్దని గేటు మీద నోటీసు అంటించింది ఎవరు?"

"నేనే," అన్నాడు ఆఫీసరు మెల్లగా. మొహం పాలిపోయింది. ఆ తొమ్మిది రోజులూ ఎవరూ గేటు దగ్గర వేలిముద్ర వెయ్యలేదు. వేలిముద్ర లేకపోతే హెడ్డాఫీసు మిషనుకి అది గైర్హాజరే. సెలవులు తక్కువున్నవాళ్ళు ఆ తొమ్మిది కలిసినా ఇరవై దాటలేదు కాబట్టి వాళ్ళకి తెలియలేదు. దాటినవాళ్ళకి తెలిసి ఉండాలి. కానీ ఆ కాగితం ఎవరు చదువుతారు?

పెద్దక్క జిగురు బాబాయి దగ్గరికి వెళ్ళింది. "బాబాయ్, నువ్వెన్ని సెలవులు పెట్టావు?"

"దగ్గు వచ్చినప్పుడు పెట్టానమ్మా. ఓ పదమూడు. అంతే అయ్యుంటాయి."

"మరి నీకు లావు కవరు ఎందుకొచ్చింది?"

"ఏదో ఉంటుందిలే. నాలుగేళ్ళుగా ఏదో ఒకటి ఉంటూనే ఉంది. వాళ్ళు చదువుకున్నవాళ్ళు."

"తియ్యి."

ఆయన చొక్కా లోపల చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. పెద్దక్క తొందరపెట్టలేదు. తన రెండు కాగితాలూ బల్ల మీద అందరికీ కనిపించేలా పరిచి, వాటి మీద చెయ్యి ఆనించి నిలబడింది. కాసేపటికి ఆయన కవరు తీసి ఇచ్చాడు. ఆమె చింపి చదివింది. గైర్హాజరు ఇరవై రెండు రోజులు.

"పదమూడూ తొమ్మిదీ," అన్నాడు కటింగు మిషను అతను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. సంచుల అడుగు నుంచి, టిఫిన్ డబ్బాల కింద నుంచి కవర్లు బయటికొచ్చాయి. చప్పుడు విని మేనేజరు మెట్లు దిగి వచ్చాడు. బస్సులు కదలకపోతే డ్రైవర్లకి ఎక్కువ ఇవ్వాలి, ఆయన బాధ అది.

"ఏంటిది? హెడ్డాఫీసు ఇచ్చిన లెక్క. ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఇళ్ళకి వెళ్ళండి," అన్నాడు.

పెద్దక్క కాగితం చివరిదాకా చదివే అలవాటున్న మనిషి. పుస్తకం ఆఖరి పేజీ కూడా చూసిగానీ పక్కన పెట్టదు. కాగితం అడుగునున్న ఆఖరి వరుస దాకా అందరి కంటే ముందు వచ్చింది ఆమే. చీమల్లాంటి అక్షరాలు.

"అభ్యంతరములు ఏడు దినముల లోపు లిఖితపూర్వకముగా అని రాసుంది సార్. అంటే వారం లోపు రాసిస్తే చూస్తారనేనా?"

మేనేజరు ఆ కాగితం తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. ఆయన కూడా దాన్ని మొదటిసారి చదువుతున్నాడని అందరికీ తెలిసిపోయింది.

"రాసిస్తే పంపిస్తాం," అన్నాడు చివరికి. "చూస్తారో లేదో నేను చెప్పలేను."

"చూసేదాకా రాస్తాం," అంది పెద్దక్క. తన రెండు కాగితాలూ మడిచి, కవర్లో పెట్టి, దాన్ని చేత్తోనే పట్టుకుని బస్సెక్కింది.

ఇంట్లో ఆ పూట మరదలే ఎక్కువ మాట్లాడింది. తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"నీ పరువు పోకూడదని తీశానక్కా."

"తెలుసురా. కానీ నా చేతిలో ఏం మిగిలింది? ఎంత తగ్గిందో తెలిసింది, ఎందుకో తెలియలేదు. పైగా తమ్ముడి దయ అన్నారు. నువ్వు అలాగే ఇచ్చుంటే ఆ మాట పడేదాన్నా?"

"సోమవారం మేనేజరుకి నేనే చెబుతాను, తీసింది నేనని."

"చెప్పు," అంది ఆమె. వద్దనలేదు.

ఆదివారం ముగ్గురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. అభ్యంతరం ఎలా రాయాలో మరదలు నాలుగు వాక్యాల్లో రాసింది. నా సెలవులు ఇన్ని. మీరు వేసింది ఇన్ని. తేడా తొమ్మిది రోజులు, కంపెనీయే రావద్దన్న రోజులు. నోటీసు నకలు జత చేశాను. తమ్ముడు పైన ఒక "గౌరవనీయులైన" చేర్చబోతే మరదలు పెన్ను లాక్కుంది. "ఒక్కటి చేరిస్తే వెనకాల నిబంధనావళి మొత్తం వచ్చి కూర్చుంటుంది," అంది.

సోమవారం మధ్యాహ్నం క్యాంటీనులో పెద్దక్క ఒక బల్ల పట్టుకుంది. టిఫిన్ డబ్బా విప్పలేదు. రాయడం వచ్చినవాళ్ళు రాసుకున్నారు, రానివాళ్ళకి ఆమె రాసిపెట్టింది. రెండో రోజు ఆఫీసరు తన కుర్చీ తెచ్చుకుని ఆమె ఎదురుగా వేసుకున్నాడు. హాజరు రిజిస్టరు కూడా తెచ్చాడు. అతని చొక్కా జేబులో ఇంకో కవరుంది. పెద్దక్క అడక్కుండానే చెయ్యి చాపి తీసుకుని నొక్కింది.

"ఒకటే కాగితం. ఏంటిది?"

"మెమో. కాగితం తీసినందుకు."

"మెమోకి కారణాల కాగితం జత చెయ్యరా?"

అతను నవ్వాడు. శనివారం తర్వాత మొదటిసారి. శుక్రవారానికి ముప్పై ఎనిమిది అభ్యంతరాలు తేలాయి. వాటిని మేనేజరు బల్ల మీద పెట్టి, అందినట్టు సంతకం చేయించుకునిగానీ ఇద్దరూ బయటికి రాలేదు. ఏడు రోజుల గడువులో అది ఆరో రోజు.

హెడ్డాఫీసు నుంచి జవాబు రావడానికి అయిదు వారాలు పట్టింది. మధ్యలో పెద్దక్క రెండుసార్లు గుర్తుచేస్తూ రాసింది. రెండుసార్లూ మరదలు చదివాకే పోస్టులో పడింది. చివరికి కొత్త కవర్ల కట్ట వచ్చింది. షెడ్డులో మళ్ళీ బల్ల వేశారు. ఈసారి సాయంత్రం కాదు, పొద్దున పని మొదలయ్యే ముందు, అడగాల్సింది అడిగే తీరిక ఉన్నప్పుడు. ఆ మార్పు ఆఫీసరు పట్టుబట్టి చేయించాడు. ఇంకోటి కూడా చేయించాడు. కోత ఉన్నా లేకపోయినా ప్రతి కవర్లోనూ రెండు కాగితాలే, లెక్క వివరం అందరికీ. కాగితం దండగ అని మేనేజరు అన్నాడట. నోటుపుస్తకాల కంపెనీలో కాగితానికి కరువేంటి సార్ అన్నాడట ఇతను.

జిగురు బాబాయి కవరు నొక్కాడు. లావు. ముఖం ముడుచుకున్నాడు. సైరన్ తనది నొక్కింది. లావు. కటింగు మిషను అతనిది నొక్కింది. అదీ లావే.

"ఇదేం అన్యాయం," అంది సైరన్. "ఇప్పుడేం తెలుస్తుంది? చచ్చినట్టు చదవాల్సిందే."

బాబాయి నిలబడి నిదానంగా వేలు పెట్టి చదువుకున్నాడు. పదమూడు అన్న అంకె దగ్గర వేలు ఆపి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. కాగితం మడిచి చొక్కా పై జేబులో, బయటికి కనిపించేలా పెట్టుకున్నాడు.

పెద్దక్క కవర్లో గైర్హాజరు ముప్పై నాలుగు రోజులని ఉంది. పద్నాలుగు రోజుల కోత అలాగే ఉంది. ఆమె ఒకసారి కూడి చూసి, సరిపోయిందని తల ఊపి, ఆఫీసరు ముందు సంతకం చేసింది.

"కోత ఉంది కదా పెద్దక్కా, అడగవా?" అంది సైరన్.

"ఇది నాదే. నేను పెట్టిన సెలవులు," అని ఆమె చెకింగు బల్ల వైపు నడిచింది. మొదటి కట్ట అప్పటికే వచ్చి ఉంది. పై పుస్తకం అంచు వంచి వదిలి, పక్కకి తీసి పెట్టింది.